ఎదురుబరువు

కిందటేటి వానల్లో బొల్లన చేసిన విల్లు నాలుగు బారల దూరంలో ఓడిపోయింది.

గవ్వలేటికి వరద వస్తే పడవ నడవదు. అద్దరినున్న తేనెలపాడుకూ ఇద్దరినున్న రేవుకూ నడుమ నలభై బారల వెడల్పున ఎర్రనీరు పరుగెడుతుంది. అప్పుడు రేవు కాపరి విల్లు అందుకుంటాడు. బాణం తోకకు సన్నని దసలిపట్టు దారం కట్టి అద్దరికి వేస్తాడు. ఆ దారాన్ని అటువాళ్ళు లాగుకుంటే దాని వెనక పురికొస వెళుతుంది. పురికొస వెనక మోకు వెళుతుంది. మోకు రెండు గట్ల చెట్లకూ బిగిశాక దాని మీద గంప వెళుతుంది. ఉప్పయినా, మందయినా, మనిషయినా ఆ గంపలోనే దాటాలి. అంతటికీ మొదలు ఒక్క బాణం. ఆ బాణం కోసం రేవు పాకలో వానకాలమంతా ఒక విల్లు వేలాడుతూ ఉంటుంది. దాన్ని రేవువిల్లు అంటారు.

కిందటేడు దాన్ని చేసే వంతు బొల్లనది. వేసవిలో ఆ విల్లు యాభై బారలు వేసింది. పుష్యమి కార్తెలో, పదిరోజుల ముసురు తరువాత, ముప్పైయారు బారలే వేసింది. వెదురుతో చేసిన వేటవిళ్ళు పాతిక బారలు దాటవు. కొండ మీది పనిశాల నుంచి మరో విల్లు తెప్పిద్దామంటే దారి తెగిపోయింది. మూడు రోజులపాటు బాణాలు నీళ్ళలోనే పడ్డాయి. అద్దరిని సాంబన అనే రైతు నడుముకు తాడు కట్టుకుని, మొలలోతు వరదలో నిలబడి, ప్రతి బాణానికీ చేతులు చాచాడు. అతని భార్యకు సన్నిపాత జ్వరం. నాలుగో రోజున వరద తీశాక మందు పడవ మీదనే వెళ్ళింది. అప్పటికి దానితో పనిలేకపోయింది.

ఆ మూడు రోజులూ బొల్లన రేవులోనే ఉన్నాడు.

తరువాత అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. రేవు కాపరి గుండయ ఆ విల్లును తిరిగి అతని చేతిలో పెడుతూ, "దీనికి చెమ్మ పట్టింది అబ్బీ" అన్నాడు. అంతే. నారి దించినా ఆ విల్లు నిటారు కాలేదు. బరువు మోసి మోసి వంగిన వీపులా వంగే ఉండిపోయింది.

బొల్లన దాన్ని తన పడక ఎదుట గోడకు తగిలించుకున్నాడు.

*

ఆ కొండల్లో విల్లు చెక్కడం నేర్పేవాణ్ణి ఒజ్జ అంటారు. కంకోజు ఒజ్జకు డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆయనకు ఇద్దరు శిష్యులు. పెద్దవాడు కాచన, మాటకారి. చిన్నవాడు బొల్లన. చిన్నవాడన్న మాటే గాని ముప్పై దాటినవాడు, తొమ్మిదేళ్ళుగా అక్కడే పని చేస్తున్నవాడు.

మాఘమాసంలో, కర్ర నరికే రోజులు వచ్చినప్పుడు, బొల్లన ఒజ్జ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఒజ్జయ్యా, చెమ్మ పట్టని విల్లు చేయాలి. ఎట్లాగో చెప్పండి."

కంకోజు ఒక కర్రకు చిత్రిక పడుతున్నాడు. చూపు ఎత్తలేదు.

"చెమ్మ పట్టని విల్లు ఎక్కడైనా చూశావా?"

"లేదు. అందుకే చేయాలంటున్నాను."

"ఈయేడు రేవువిల్లు వంతు కాచనది కదా?"

"అన్న నాకిచ్చాడు."

మూలన నారి పేనుతున్న కాచన గట్టిగా నవ్వాడు. "ఇవ్వలేదు ఒజ్జయ్యా, లాక్కున్నాడు. అన్నం తిననిస్తేనా! ముద్ద ముద్దకూ 'అన్నా, వంతు', 'అన్నా, వంతు'. ఇవ్వకపోతే నేను చిక్కి చచ్చేవాణ్ణి."

బొల్లన నవ్వలేదు. కంకోజు ఆ నవ్వని ముఖాన్ని ఒకసారి చూశాడు. లేచి అటక మీద వెతికి, ఒక ఇనుప తక్కెడ కాడను దించాడు. దాని నడుమ ఒక తాడు, రెండు కొసలకు రెండు కొక్కేలు.

"విల్లు పూర్తయ్యాక దీనికి తగిలించు. రోజూ తూచు. చెమ్మ కంటికి కనబడదు. బరువులో కనబడుతుంది."

"ఎదురుబరువుగా ఏం పెట్టమంటారు?"

"అది నువ్వే చూసుకో" అని కంకోజు మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

*

నరికిన చెట్టు చచ్చిపోయిందని మనం అనుకుంటాం. కర్ర అలా అనుకోదు. వేళ్ళు పోయినా, ఆకులు పోయినా దానికి తాగే అలవాటు పోదు. నేల నుంచి నీరు అందనప్పుడు గాలిలో ఉన్న తడినే తాగుతుంది. ఎండ కాస్తే తాగినదాన్ని విడిచిపెడుతుంది. విల్లుగా మారిన తరువాత కూడా ఆ రాకపోకలు ఆగవు. ఎక్కువ తాగిన విల్లు బద్ధకిస్తుంది. లాగితే వంగుతుంది గాని, విడిస్తే తిరిగి నిలబడదు. మరీ ఎండిన విల్లు లాగినవాడి చేతిలోనే విరుగుతుంది. ఈ సంగతి బొల్లనకు తెలియనిది కాదు. తెలిసి కూడా, ఆ తలుపును పూర్తిగా మూసేయవచ్చునని అతడు ఆ యేడు పట్టుబట్టాడు.

లోయలన్నీ తిరిగి తడ చెట్టు ఒకటి ఎంచుకున్నాడు. వంకర లేని మాను, ముడి లేని కర్ర. దుంగ రెండు కొసలకూ లక్క కరిగించి పూశాడు. పగుళ్ళు రాకుండా మూడు నెలలు నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాడు. బాడితతో చెక్కాడు. ఒక్కొక్క పొర తీసినప్పుడల్లా ఆగి, రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో చూశాడు. చెక్కడం పూర్తయ్యాక నెల రోజులు అవిసెనూనె రుద్దాడు. దాని మీద తేనెమైనం కరిగించి, అరచేయి కాలేదాకా రుద్దాడు. పదకొండు పూతలు.

"తడ కర్రకు తడి పట్టకుండా చేస్తావా?" అన్నాడు కాచన. "పేరులోనే సగం తడి ఉంది కదరా!"

"మిగతా సగం నేను చూసుకుంటాను అన్నా."

రోహిణి కార్తె ఎండల్లో విల్లు సిద్ధమైంది. యాభైరెండు బారలు వేసింది. అదే రోజున బొల్లన దాని నారి దించి, పనిశాలలో దూలానికి తక్కెడ కట్టి, ఒక కొక్కేనికి విల్లును తగిలించాడు.

ఎదురుబరువు గురించి చాలా ఆలోచించాడు. రాయి అయితే విల్లుకు సరిగ్గా సరితూగేది దొరకదు. చెక్కుతూ పోతే ఒక పెళ్ళ ఎక్కువ రాలుతుంది. గింజలైతే చిటికెడు వేయవచ్చు, చిటికెడు తీయవచ్చు. పాత పంచె చింపి ఒక సంచి కుట్టాడు. అందులో కొర్రలు పోసి రెండో కొక్కేనికి తగిలించాడు. చివర గింజ గింజగా వేసి తక్కెడ కాడను నీటిమట్టంలా నిలిపాడు. సంచి మూతిని కుట్టేశాడు.

కాచన కూడా మెచ్చుకున్నాడు. "బుర్ర ఉందిరా నీకు. నాకైతే రాయే తోచేది."

కంకోజు ఆ సంచిని కాసేపు చూసి, పనిలోకి వెళ్ళిపోయాడు.

*

మృగశిర వచ్చింది. మొదటి వానలు కొండ మీద దుమ్ము అణిచాయి. బొల్లన రోజూ పొద్దున లేవగానే తక్కెడ దగ్గరకు వెళ్ళేవాడు. కాడ కదలలేదు. ఆరుద్రలో ముసురు పట్టింది. గోడలకు చెమట పోసింది. ఆరేసిన బట్టలు మూడు రోజులైనా వాసన వేస్తూ తీగ మీదే ఉన్నాయి. ఉప్పుకుండలో ఉప్పు నీరైంది. తక్కెడ కాడ మాత్రం అలాగే ఉంది.

వానకాలంలో రేవువిల్లును ఊరికే ఎక్కుపెట్టరాదన్నది అక్కడి ఆచారం. తడిగాలిలో లాగిన ప్రతిసారీ కర్ర కొంత అలసిపోతుంది. అందుచేత దాన్ని లాగి చూసే వీలు లేదు. తక్కెడ చెప్పిందే మాట.

ఒకరోజున సంచి వైపు కొక్కెం వెంట్రుకవాసి కిందికి దిగింది. విల్లు పైకి లేచింది.

కాచన చేతులు తట్టాడు. "చూడండి ఒజ్జయ్యా! వానలో ఎండుతోంది వీడి విల్లు. ఇంకో నెలకు పొగలు కక్కుతుంది."

బొల్లన ఆ వేళాకోళాన్ని నవ్వుతూనే విన్నాడు. కానీ లోపల దాన్ని కాస్త నమ్మాడు. ఆ పూట పడక ఎదుట గోడ మీది పాత విల్లును దించి, అటక మీద పెట్టేశాడు.

పునర్వసు మొదటి రోజున గుండయ కొండెక్కి వచ్చాడు. తాటాకు గొడుగు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, తక్కెడ ముందు నిలబడ్డాడు.

"ఏరు నిండుతోంది అబ్బీ. పది రోజుల్లో పడవ ఆపేయాలి. విల్లు తీసుకుపోదామని వచ్చాను."

"తీసుకెళ్ళు గుండయన్నా. రోహిణిలో ఎంత బరువుందో ఈరోజూ అంతే ఉంది. చూడు."

గుండయ కాడను చూశాడు. సంచిని చూశాడు. నమ్మాలన్న ఆశ ఆయన ముఖంలో కనిపించింది. "సాంబన పెద్దకూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు. వరద రోజుల్లోనే నెలలు నిండుతాయట" అన్నాడు. "నిజంగా పట్టలేదంటావా?"

"పట్టలేదు."

ఆ మాట విని కంకోజు లేచాడు. వంటింట్లోకి వెళ్ళి గింజలు వేయించే మంగలం తెచ్చాడు. లక్క కరిగించే పొయ్యి మీద దాన్ని పెట్టి, కింద రెండు పుల్లలు తోశాడు.

"ఒజ్జయ్యకు ఆకలేస్తున్నట్టుంది" అన్నాడు కాచన మెల్లగా.

కంకోజు తక్కెడ దగ్గరకు వచ్చి కొర్రల సంచి విప్పుకుపోయాడు. మూతి కుట్టు తెంచి గింజలన్నీ మంగలంలో పోశాడు. సన్నని మంట మీద, మాడకుండా, పేలకుండా, గరిటెతో తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి గింజల మీది నుంచి సన్నని ఆవిరి లేచింది. అందరూ ఆ ఆవిరిని చూశారు. అది ఆగిపోయేదాకా ఆయన గరిటె ఆపలేదు. సంచిని కూడా పొయ్యి మీద అటూ ఇటూ తిప్పి ఆరబెట్టాడు. ఒక్క గింజ కింద పడకుండా అన్నిటినీ తిరిగి సంచిలో పోసి, మూతి కట్టి, చల్లారాక కొక్కేనికి తగిలించాడు.

విల్లు వైపు కాడ దిగింది. జానెడు దిగి, ఊగి, అక్కడే ఆగింది.



"మంగలంలో వేస్తే..." బొల్లన కాడ దగ్గరకు వచ్చాడు. "మంగలంలో వేస్తే రోహిణి ఎండలో కన్నా ఎక్కువగా ఎండిపోతాయి ఒజ్జయ్యా. అప్పుడు ఏ విల్లయినా దిగుతుంది."

"నిజమే" అన్నాడు కంకోజు. "మరి నీ కొర్రలు రోహిణిలో ఎంత ఎండి ఉన్నాయి? నిన్న ఎంత తడిసి ఉన్నాయి?"

బొల్లన సంచిని చేత్తో ఎత్తి చూశాడు.

"నీ విల్లుతోపాటు తడిసేదాన్ని ఎదురుగా పెట్టుకున్నావు. రెండూ కలిసి తడిశాయి. తడవలేదనుకున్నావు."

గుండయ ఒకసారి గురువును, ఒకసారి శిష్యుణ్ణి చూశాడు. "ఇంతకీ నేను దీన్ని తీసుకుపోనా, వద్దా?"

అందరి చూపూ బొల్లన మీదికి వచ్చింది. అవునంటే గుండయ తీసుకుపోతాడు. కిందటేడు కూడా అలాగే తీసుకుపోయాడు. బొల్లన విల్లును కొక్కెం నుంచి విప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వద్దు. ఎనిమిది రోజులు ఆగు. నేనే తెస్తాను."

"నేను ఆగుతాను అబ్బీ. ఏరు ఆగొద్దూ!" అని గుండయ గొడుగు అందుకున్నాడు.

*

ఆ సాయంత్రమే బొల్లన వాగులోకి దిగి ఒక నల్లరాయి తెచ్చాడు. విల్లు కన్నా అది కొంచెం తేలిక. చింతగింజలంతేసి గులకరాళ్ళు ఒక పిడికెడు ఏరుకొచ్చి, చిన్న ఇత్తడి చెంబులో వేసి రాయి పక్కన వేలాడదీశాడు. వాటితో కాడ సమమైంది. రోహిణి నాటి బరువు ఎంతో అతనికిక తెలియదు. ఆ లెక్క కొర్రలతోపాటు పోయింది. ఇప్పుడు తెలుసుకోవలసిందల్లా విల్లు చెమ్మను విడిచిపెట్టడం ఎప్పుడు మానుతుందన్నదే.

వంటింటి పొయ్యికి పైన, అరచేయి చాలాసేపు ఉంచినా కాలని ఎత్తులో, రెండు మేకుల మీద విల్లును అడ్డంగా పరిచాడు. పూటకొకసారి తిప్పాడు. మరునాడు తూస్తే విల్లు తేలికైంది. ఆరు గులకరాళ్ళు తీస్తే గాని కాడ సమం కాలేదు. తరువాతి రోజు అయిదు. ఆపైన మూడు. పెద్ద మంట వేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది కదా అని ఒకసారి అనిపించింది. లేచి వెళ్ళి పుల్లలు పట్టుకున్నాడు కూడా. పట్టుకున్న పుల్లలను తిరిగి పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. నాలుగో రోజు రెండు. అయిదో రోజు ఒకటి. ఆరో రోజు కూడా ఒకటి.

అన్నాళ్ళూ వాన పడుతూనే ఉంది. రేవు నుంచి వచ్చే పోయేవాళ్ళను ఏరు ఎంత లోతుందని అడుగుతూనే ఉన్నాడు.

అదే దుంగలో మిగిలిన రెండు ముక్కలను అతడు వసారాలో వేలాడదీశాడు. ఒకదానికి మైనం పూశాడు, రెండోదాన్ని వట్టిగా వదిలాడు. వాటినీ రోజూ తూచాడు.

ఏడో రోజున చెంబులో నుంచి ఒక్క రాయి కూడా తీయవలసిన పని పడలేదు. నమ్మకం కలగక మూడుసార్లు తూచాడు. కాడ కదలలేదు. కానీ అతనికి ఆ కాడను చూసి సంతోషం కలగలేదు. ఒజ్జ దగ్గరకు వెళ్ళాడు.

"మైనం పూసిన ముక్కకూ చెమ్మ పడుతోంది ఒజ్జయ్యా."

"పూయనిదానికి?"

"దానికి ఒక్కరోజులో పట్టినంత, దీనికి పట్టడానికి నాలుగు రోజులైంది."

"అయితే నీ నెల రోజుల రుద్దుడంతా వృథా అంటావా?"

"కాదు. చెమ్మను ఆపదు గాని, మనకు నాలుగు రోజుల వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు చూసుకోవాలి."

"ఎవరో ఒకరా?"

"నేను."

మరునాడు పొద్దునే అతడు విల్లును గొంగట్లో చుట్టి భుజాన వేసుకున్నాడు. తక్కెడ కాడ, నల్లరాయి, చెంబు మూట కట్టుకున్నాడు. వానలు వెళ్ళేదాకా రేవులోనే ఉంటానన్నాడు.

"విల్లును అత్తవారింటికి పంపుతూ తోడు వెళుతున్నావురా" అన్నాడు కాచన. నవ్వుతూ అన్నాడు గాని, మూటలో తాను పేనిన రెండు కొత్త నారులు కూడా పెట్టాడు.

*

గుండయ ఇంటి వంటగదిలో, పొయ్యికి పైన, బొల్లన రెండు మేకులు కొట్టాడు. రోజూ పొద్దున తూచేవాడు. రెండు గులకరాళ్ళ చెమ్మ పడితే పొయ్యి మీదికి చేర్చేవాడు. అవి పోతే పక్కకు జరిపేవాడు. ఒక్కొక్క రోజు చెమ్మ ఏమీ ఉండేది కాదు. ఆ రోజు కూడా తూచేవాడు.

"మా ఇంట్లో వంట ఎవరికోసమో తెలియడం లేదయ్యా" అనేది గుండయ భార్య. "మనుషులకా, విల్లుకా?"

"విల్లుకే వదినా. మిగిలింది మేం తింటున్నాం."

పుష్యమి అయిదో రోజున ఏరు గట్టు దాటింది. పడవను పైకి లాగి రావిచెట్టుకు కట్టేశారు. మరునాటి మధ్యాహ్నం అద్దరిని ఎవరో ఎర్రబట్ట ఊపారు. ఎర్రబట్ట అంటే కాన్పు కష్టమవుతోందని. ఇవతలి గట్టు ఊళ్ళో మంత్రసాని ఎల్లమ్మక్క సంచి చంకన పెట్టుకుని అప్పటికే రేవులోకి వచ్చేసింది.

"గంపలో కూర్చోవడానికి నువ్వు కాస్త బరువేమో పెద్దమ్మా" అన్నాడు మోకు పట్టుకున్నవాడొకడు.

"ముందు బాణం దాటించండి నాయనా. నా బరువు సంగతి తరువాత చూద్దాం."

ఏరు గట్టు దాటిందని ముందురోజే కబురు అంది కంకోజు, కాచన కూడా దిగి వచ్చారు. బొల్లన విల్లును గొంగడి కప్పి పాకలోకి తెచ్చాడు. చివరి క్షణం దాకా నారి ఎక్కించలేదు. ఆ పొద్దున అది ఒక్క గులకరాయి ఎక్కువ తూగింది. ఆ మాట గుండయకు చెప్పాడు. "ఒక రాయంత చెమ్మ ఉంది అన్నా. కాస్త ఎత్తి వెయ్యి."

గుండయ తల ఊపాడు. నారి ఎక్కించి, బాణం పెట్టి, చెవిదాకా లాగి విడిచాడు. ఎదురుగాలి బాణాన్ని పక్కకు నెట్టింది. అది నట్టేట పడింది. దారం లాగి చుట్టుకునేసరికి కొంత సేపైంది. రెండో బాణం సూటిగానే వెళ్ళింది. అద్దరి నీటి అంచున, గట్టుకు బారెడు ఇవతల మునిగింది. అక్కడున్నవాళ్ళ నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. బొల్లన కిందటేడు నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. చుట్టిన దారాన్ని పట్టి చూశాడు.

"దారం తడిసింది" అన్నాడు. "కొత్తది కట్టు. విల్లు వేస్తుంది."

పొడి దారపు చుట్ట తెచ్చి కట్టారు. గుండయ గాలి తగ్గేదాకా ఆగాడు. ఈసారి ఎత్తి వేశాడు. బాణం వానలోకి లేచింది. నీటి మీద ఎక్కడా దిగలేదు. అద్దరి గట్టు దాటి, పొదల్లో, ఒకటిన్నర బార అవతల పడింది. ఎవరో దాని మీదికి పరుగెత్తడం కనిపించింది.

దారం కదిలింది. పురికొస కదిలింది. మోకు బరువుగా నీళ్ళలోకి దిగి, అద్దరిని మళ్ళీ పైకి తేలింది. ఎల్లమ్మక్క గంపలో కూర్చుని, కళ్ళు మూసుకుని, మోకు లాగేవాళ్ళను తిడుతూ తిడుతూ దాటింది.

బొల్లన నారి దించాడు. విల్లును తన పంచెతో కొన నుంచి కొన దాకా తుడిచి, గొంగడి చుట్టి, పాక లోపల పెట్టాడు. అప్పటిగ్గాని కూర్చోలేదు.

పొద్దు వాలకముందే అద్దరిని ఎర్రబట్ట దించి, కాన్పు క్షేమంగా అయిందని తెల్లబట్ట కట్టారు. రేవులో అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. కొద్దిసేపటికి గంప తిరిగి వచ్చింది. మనిషి లేడు. అడుగున టేకాకుల చుట్ట ఒకటి, నారతో కట్టి ఉంది.

గుండయ ఆ కట్టును తిప్పి చూశాడు. "ఈ ముడి సాంబనది. వాడిది ఎడమచేతివాటం" అని, చుట్టను బొల్లన చేతికి ఇచ్చాడు.

బొల్లన ముడి విప్పాడు. ఆకులు నాలుగు వరసలు. లోపల ఆ బాణం.

వాన ఇంకా పడుతూనే ఉంది. కంకోజు పాక చూరు కింద నుంచి అడిగాడు.

"తడిసిందా?"

బొల్లన బాణాన్ని తోక నుంచి ములుకు దాకా వేళ్ళతో తడిమాడు. మరొకసారి తడిమాడు.

"లేదు ఒజ్జయ్యా. పొడిగా ఉంది."

"వానలో వెళ్ళింది. వానలోనే వచ్చింది. ఎట్లా పొడిగా ఉంది?"

బొల్లన అద్దరి గట్టు వైపు చూశాడు. వాన తెరలో అక్కడ ఎవరున్నారో కనబడలేదు.

"తుడిచి పంపారు" అన్నాడు.